96 తుఫాను పనస, పాత గుమ్మం టేకు: పడక్కుర్చీ పక్కన చిన్న బల్ల (ప్రాజెక్టు డైరీ)

మే, ఎండలు దంచుతున్నప్పుడు

అమలాపురం పక్కన మా ఊళ్ళో ఏ ఇంటి అటక ఎక్కి చూసినా కలప ముక్కలు ఉంటాయి. కొన్న రేటు గుర్తుంటుంది కాబట్టి ఎవరూ పారెయ్యరు, పనికొచ్చే సైజు కాదు కాబట్టి ఎవరూ వాడరు. మా అటక మీదా కొట్టంలోనూ కలిపి మూడు రకాలు తేలాయి. పాత మండువా ఇల్లు విప్పినప్పుడు దాచిన టేకు గుమ్మం ముక్కలు. మొన్న మేడ మీద గది వేసినప్పుడు దర్వాజాలకి కోయగా మిగిలిన నల్లమద్ది తుండ్లు. ఇక పనస పలక ఒకటి, దాని కథ వేరు. 1996 నవంబర్ 6 రాత్రి తుఫానుకి కోనసీమలో కొబ్బరి చెట్లు ఎన్ని పడ్డాయో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ రాత్రే మా పెరట్లో పనస చెట్టు కూడా వేళ్ళతో సహా లేచిపోయింది. నాన్నగారు దాన్ని మిల్లుకి తోలించి పలకలు కోయించారు, కొన్ని బల్లలయ్యాయి కొన్ని బీరువా అరలయ్యాయి, ఒక్కటి మాత్రం అటక మీద ఉండిపోయింది.

చేసేది ఏంటంటే నాన్నగారి పడక్కుర్చీ పక్కన పెట్టడానికి చిన్న బల్ల. కళ్ళజోడు, పేపరు, మందుల డబ్బా, టీ గ్లాసు పట్టాలి, అంతే. ఇప్పుడు అవన్నీ ప్లాస్టిక్ స్టూలు మీద ఉంటున్నాయి, ఫ్యాను స్పీడు పెంచితే పేపరు ఎగిరి గ్లాసు మీద పడతా ఉంటది.

కొలతల కోసం నెట్‌లో ప్లాను వెతకలేదు. కుర్చీ చెయ్యి నేల నుంచి 19 అంగుళాలుంది, బల్ల దానికంటే అంగుళం కిందుంటే గ్లాసు అందుకోవడానికి మోచెయ్యి లేపక్కర్లేదు, సో ఎత్తు 18. పనస పలక వెడల్పు 14 అంగుళాలు కాబట్టి పైన వెడల్పు కూడా అంతే, పొడుగు 20 తీసుకున్నా. మిగిలిన చెక్కతో చేసేటప్పుడు ఇదొక సుఖం, సగం నిర్ణయాలు చెక్కే తీసేసుకుంటది.

పలక కిందకి దించగానే ఒక అంచున తెల్లచెక్క (బెరడు కిందుండే లేత చెక్క) భాగంలో సూదిబెజ్జాలు, తడితే మైదాపిండిలా పొడి రాలింది. పుచ్చు పురుగు. ఇది చేవలోకి, అంటే లోపలి ముదురు చెక్కలోకి, సాధారణంగా వెళ్ళదు, తెల్లచెక్కలో ఉండే పిండి పదార్థమే దానికి కావాల్సింది. నా 14 అంగుళాల లెక్క ఆ అంచు తీసేశాకే. మందు కొట్టి ఉంచుకోవచ్చుగా అన్నారు కొందరు, రెండంగుళాల తెల్లచెక్క కోసం ఆ తలనొప్పి ఎందుకండీ, కోసి పొయ్యిలో పెట్టేశాం.

ఇంకో పని కూడా అప్పుడే చేశా, ఈ డైరీ మొత్తానికి అదే ముఖ్యం. పలకకి అడ్డంగా పెన్సిల్‌తో ఒక గీత గీసి ఆ గీత మీద వెడల్పు కొలిచి పలక వెనకాలే రాసి పెట్టా: 356 మి.మీ., మే.

జూన్ మొదట్లో: టేకు కోత

గుమ్మం ముక్కలు నాలుగంగుళాలు బై మూడంగుళాల మందం. నల్లగా మసి, ఏళ్ళ తరబడి పూసిన పసుపు, సున్నం, ఏదో ఆకుపచ్చ పెయింటు, అన్నీ పొరలు పొరలుగా. ఈ టేకు పాపికొండల వైపు ఏజెన్సీ అడవుల్లోంచి గోదావరి మీద తెప్పలుగా రాజమండ్రి దాకా వచ్చి అక్కణ్ణించి కాలవల్లో దిగిందని ఇంట్లో చెప్పుకునేవారు. ఉండొచ్చు, కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయ్యాక డెల్టా కాలవలు నీళ్ళకే కాదు పడవలకి కూడా రోడ్లే కదా.

మిల్లుకి తీసికెళ్తే ఆయన చూసీ చూడగానే "మేకులున్నాయాండీ" అని అడిగాడు. "తీసేశానండి" అన్నా. "తీసేశానని అందరూ అంటారండి, బ్లేడు పోయాక కనపడతాయి" అన్నాడు. న్యాయమే. ఇంటికి తెచ్చి పాత స్పీకర్లోంచి పీకిన అయస్కాంతం దారానికి కట్టి చెక్క మీద అంగుళం అంగుళం జరుపుకుంటా పోయా, దారం ఎక్కడ పక్కకి లాగితే అక్కడ సుద్దతో గుర్తు. పైకి ఏమీ కనపడని చోట్ల కూడా తల విరిగిపోయిన పాత మేకులు బయటపడ్డాయి. ప్రతి మేకు చుట్టూ చెక్క నీలం నలుపుగా మారిపోయింది. అది కుళ్ళు కాదు, చెక్కలో ఉండే టానిన్ అనే వగరు పదార్థానికీ ఇనుముకీ తేమ తగిలితే వచ్చే రంగు. కొన్ని మరకలు ఉంచేశా, గుమ్మం తాలూకు చెక్క అని తెలియాలి కదా.

కోసిన తర్వాత లోపల చూడాలండీ. బయట బొగ్గులా ఉన్న ముక్క లోపల తేనె రంగు, తోలు వాసన లాంటి ఆ టేకు వాసన కొట్టమంతా నిండిపోయింది. కాళ్ళకి అంగుళంన్నర చదరం ముక్కలు నాలుగు, పట్టీలకి (పలక కింద కాళ్ళని కలిపే అడ్డ చెక్కలు) మూడంగుళాల వెడల్పు ముప్పావు మందం ముక్కలు నాలుగు వచ్చాయి.

టేకు చిత్రిక పట్టడం తేలికే కానీ పదును త్వరగా పోద్ది. చెక్కలో ఇసుక లాంటి సిలికా ఉంటది, కంటికి కనపడదు గానీ బ్లేడుకి తెలుస్తుంది. నాలుగు కాళ్ళు అయ్యేలోపు సానరాయి దగ్గరకి నాలుగైదు సార్లు పోవాల్సిందే, పోకపోతే చెక్క లేచిపోద్ది.

తొలకరి తర్వాత: బెజ్జాలు

మా వీధి చివర వడ్రంగి బాబాయ్ ఉన్నారు, ఇప్పుడు పని మానేశారు, చేతులు ఊరుకోవు కాబట్టి సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చుంటారు. పట్టీ చివర దూరడానికి కాలిలో బెజ్జం కొడుతుంటే చూసి "చివర నుంచి ఎందుకురా, మధ్యలో మొదలెట్టి రెండు వైపులకీ పో" అన్నారు. నేను చివర గీత దగ్గర మొదలెట్టలేదు, గీతకి రెండు మి.మీ. ఇవతల మొదలెట్టా, ఆ మాట చెప్తే "సర్లే, నీకు తెలుసు" అని బీడీ వెలిగించారు. చివర ఆ రెండు మి.మీ. వదిలితే ఉలితో పొట్టు పైకి ఎత్తేటప్పుడు బెజ్జం అంచు నలగదు, అన్నీ తవ్వేశాక ఆఖర్న ఆ కాస్తా నిలువుగా ఒక్క దెబ్బతో తీసెయ్యొచ్చు.

కుసి అంటే బెజ్జంలో దూరేలా పట్టీ చివర పల్చగా చెక్కే మొన, దాని మందం చెక్క మందంలో మూడో వంతు అనేది పాత లెక్క. ముప్పావు అంగుళం పట్టీకి అది పావంగుళం. నేను 8 మి.మీ. పెట్టా ఎందుకంటే నా దగ్గరున్న ఉలి అది, ఉలి వెడల్పే బెజ్జం వెడల్పు అయితే పక్క గోడలు చెక్కే పనే ఉండదు. కాలు ఇంకా చతురస్రంగా ఉన్నప్పుడే బెజ్జాలు కొట్టెయ్యాలి, కాలిని కిందకి సన్నగా దింపడం తర్వాత. ముందే సన్నం చేస్తే బల్ల మీద కదలకుండా పట్టుకోడానికి చదునైన వైపు దొరకదు. పక్కపక్కన ఉన్న రెండు బెజ్జాలు కాలు లోపల కలుస్తాయి కాబట్టి కుసి చివరలు 45 డిగ్రీల వాలుగా కోశా, ఒకదాన్నొకటి తన్నుకోకుండా.

ఈ రోజుల్లో ఈ పని చేసేవాళ్ళు తగ్గిపోయారు. రెండు స్క్రూలు, దాని మీద లప్పం, పైన సన్‌మైకా. కస్టమర్ కూడా అదే అడుగుతాడు, వడ్రంగిని అనడానికేం లేదు. కానీ మా వైపు గాలిలో తేమకి, సముద్రం దగ్గరైతే ఉప్పుకి కూడా, ఇనప స్క్రూ తుప్పు పట్టి చుట్టూ చెక్క వదులైపోద్ది. కుసికి ఆ బాధ లేదు.

ఆగస్టు: ముసురు

వాన పడని పూట లేదు. తలుపులు బిగుసుకుపోయాయి, దేవుడి గది తలుపు భుజంతో తోస్తే గానీ రావట్లేదు. ఉప్పు డబ్బాలో ఉప్పు నీరు కారుతోంది. ఇలాంటప్పుడు పనస పలక ఎలా ఉందో చూద్దామని అదే పెన్సిల్ గీత మీద మళ్ళీ టేపు పెట్టా. 358 దాటి 359కి కాస్త తక్కువ.

మా బావ నమ్మలేదు. "ముప్పై ఏళ్ళ నుంచి ఆరిన చెక్కరా బాబూ, ఇంకేం ఉబ్బుద్ది, నీ టేపు తేడా" అన్నాడు. తనే కొలిచాడు, అదే వచ్చింది. మా వైపు చాలామంది అనుకునేది ఇదే, కలప ఒకసారి ఆరితే ఇక కదలదని. ఆరడం అంటే చెట్టులో ఉన్న నీరు పోవడం వరకే. ఆ తర్వాత చెక్క చుట్టూ ఉన్న గాలితో లెక్క సరిచూసుకుంటానే ఉంటది, గాలిలో తేమ పెరిగితే తీసుకుంటది తగ్గితే వదుల్తది, వందేళ్ళ టేకైనా అంతే. పొడుగు దాదాపు మారదు, కదలిక అంతా వెడల్పులోనే. అందులోనూ చెట్టు వలయాల వెంబడి ఉన్న దిశలో, గుండె నుంచి బెరడు వైపు పోయే దిశ కంటే రమారమి రెట్టింపు.

అందుకే పాత తలుపులు చూడండి, చట్రంలో గాడి తీసి పలకని వదులుగా దింపేవాళ్ళు, పలకకి జిగురు పెట్టేవాళ్ళు కాదు. మండువా ఇళ్ళ తలుపులు ఇన్ని వర్షాకాలాలు చూసి పగలకపోవడానికి సగం కారణం అది. మిగతా సగం ఆ టేకు.

అంటే ఈ బల్లకి పై పలకని నాలుగు పట్టీలకీ స్క్రూలతో గట్టిగా బిగిస్తే ఏమవుద్దంటే, ఎండాకాలం అది ముడుచుకోవాలని చూస్తది, స్క్రూలు వదలవు, మధ్యలో నెర్ర ఇస్తది. లేదా వానాకాలం ఉబ్బి పట్టీలని బయటికి తన్నుద్ది. మూడు మి.మీ.కే అంత గొడవా అంటే, అంతే గొడవ.

ముసురు తగ్గాక: పలక చదును

పలకలో నాలుగు మి.మీ. దాకా వంపు ఉంది, బెరడు వైపు గుంట, గుండె వైపు ఉబ్బు. చెక్క ఎండేటప్పుడు వంగే తీరే అది, అటు ఇటు కాదు. రెండు చివర్లా రెండు తిన్నని బద్దలు పెట్టి కన్ను ఆ లెవెల్‌కి దించి చూస్తే మెలి కూడా కాస్త తెలిసింది.

మొదట చిత్రిక అడ్డంగా, కొంచెం ఏటవాలుగా పట్టా. మందంగా తీసెయ్యొచ్చు, చెక్క లేచినా పర్లేదు, తర్వాత పోద్ది. చదునయ్యాక పొడుగు వాటంలో. పనసలో తంటా ఏంటంటే పోగు (చెక్కలో నారల వరస) ఒక వాటంలో ఉండదు, ఒక చార ఇటు, పక్కది అటు. బ్లేడు వెంట్రుక వాసి మాత్రమే బయటికి పెట్టి, చిత్రికని పక్కకి తిప్పి వాలుగా తోస్తే లేవకుండా వచ్చింది. అప్పుడు చూడాలి ఆ పసుపు. పొట్టు కూడా పసుపే, చొక్కాకి అంటుకుంటే మా ఆవిడ కల్లాపిలో పసుపు కలిపావా అంది. ఈ పసుపు ఉండదు, వెలుతురు తగిలే కొద్దీ బంగారు రంగులోకి, ఆ తర్వాత గోధుమ రంగులోకి దిగిపోద్ది. పాలిష్ వేసినా అంతే. వీణలకి వాడేది ఈ చెక్కే, బొబ్బిలి వీణ ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు. బల్లకి ఆ గౌరవం అక్కర్లేదు గానీ తట్టినప్పుడు మోత మాత్రం బావుంది.

పలక ఒక చివర నుంచి వేలెడు పొడుగున పగులు ఉంది. లప్పం పెట్టనని ముందే అనుకున్నా. మద్ది ముక్కని డమరుకం ఆకారంలో కోసి, పలక మీద పెట్టి చుట్టూ సన్నని కత్తితో గీసి, ఆ గీత లోపల సగం మందం దాకా ఉలితో తవ్వి దింపా. కొట్టే ముందు మద్ది ముక్క కింది అంచులు కాస్త వాలుగా చేస్తే నోరు నలక్కుండా దిగుద్ది. మద్ది పోగు పగులుకి అడ్డంగా ఉండాలి, అప్పుడే అది పట్టుకుంటది, లేకపోతే నడుం దగ్గర విరుగుద్ది. నల్లమద్ది ఎంత గట్టిదంటే ఈ చిన్న ముక్కకి పట్టిన టైములో టేకు కాలు ఒకటి అయిపోయేది. పసుపు మీద ఆ ముదురు గోధుమ రంగు ముక్క దిగాక బాబాయ్ వేలితో తడిమి అంచు తగులుతుందేమో చూశారు, ఏమీ అనలేదు, ఆయన ఏమీ అనలేదంటే బావున్నట్టు.

దసరాకి కాస్త ముందు: బిగింపు

టేకులో సహజంగా నూనె ఉంటది, జిగురు పట్టనివ్వదు. అంటించే కాసేపు ముందు కుసుల మీదా బెజ్జాల్లోనూ థిన్నర్ గుడ్డతో తుడిచి, ఆరగానే ఫెవికాల్ మెరైన్ రాశా. ముందు రోజు తుడిచి పెట్టుకుంటే లాభం లేదు, లోపలి నూనె మళ్ళీ పైకి వచ్చేస్తది.

పెద్ద క్లాంపులు లేవు, ఉన్నవి చిన్నవి. కొబ్బరి తాడు ఉంది, అది మా ఊళ్ళో ఎంత కావాలంటే అంత. నాలుగు కాళ్ళ చుట్టూ రెండు పేట్లు వేసి మధ్యలో కర్ర దూర్చి మెలి తిప్పితే ఏ క్లాంపుకీ తీసిపోని బిగువు వస్తది, తాడు కింద అట్టముక్కలు పెడితే కాళ్ళ మీద అచ్చు పడదు. ఒక మూల నుంచి ఎదుటి మూలకి, రెండు కర్ణాలూ కొలిచి సమానం అయ్యేదాకా కర్రని ఒక వైపు సడలించి ఇంకో వైపు బిగించా. మూలమట్టం పెట్టి ఒక్కో మూలా చూసేదానికంటే ఇదే నమ్మకం.

తుఫాను వార్తల మధ్య: పలక ఎక్కించడం

పలకని పట్టుకోడానికి మద్దితో చిన్న గుండీలు చేశా, ఒక్కోటి అగ్గిపెట్టె కంటే చిన్నది, ఒక చివర 6 మి.మీ. నాలుక. పట్టీల లోపలి వైపు గాడి, నాలుక ఆ గాడిలోకి, స్క్రూ గుండీలోంచి పలకలోకి. చెక్క పోగు నాలుక వైపుకి పారేలా కోయాలి, అడ్డంగా కోస్తే నాలుక పుటుక్కున ఊడుద్ది. పలక పట్టీలకి ఆనుకునే ఉంటది కానీ జరగడానికి వీలుంది.

పలక చివర్లకి వచ్చే పొట్టి పట్టీలకి నడి మధ్యలో మాత్రం ఒక్కో స్క్రూ నేరుగా బిగించా, అప్పుడు పలక మధ్య కదలదు, కదలిక రెండు వైపులకీ సగం సగం పోద్ది. పొడుగు పట్టీల దగ్గరే ఆలోచించాలి. ఇప్పుడు తేమ కాలం, పలక బాగా వెడల్పుగా ఉంది, ఇక పోతే ఎండాకాలానికి లోపలికే పోవాలి. కాబట్టి గుండీ నాలుకని గాడిలోకి దాదాపు పూర్తిగా తోసి, ఒక్క మి.మీ. సందు మాత్రం వదిలి బిగించా. మే నెలలో ఒక్కో వైపు మి.మీ.న్నర వెనక్కి వచ్చినా నాలుక ఇంకా గాడిలోనే ఉంటది. ఇదే బల్ల మే నెలలో బిగించి ఉంటే లెక్క తిరగబడేది, నాలుక సగమే పెట్టి, నాలుక మొదలయ్యే భుజం దగ్గర రెండు మూడు మి.మీ. వదలాలి.

స్క్రూలు ఇత్తడివి. మద్దిలో నేరుగా తిప్పితే ఇత్తడి మెడ విరిగిపోద్ది, ముందు డ్రిల్లుతో బెజ్జం వేసి, అదే సైజు ఇనప స్క్రూ ఒకసారి ఎక్కించి తీసేసి, తర్వాత ఇత్తడి దానికి సబ్బు రాసి ఎక్కించాలి. సబ్బు ముక్క స్నానాల గదిలోంచి తెచ్చా, తిరిగి పెట్టేటప్పుడు దొరికిపోయా.

కార్తీకం, పొడిగాలి మొదలయ్యాక: పాలిష్

బాబాయ్ చపడా (లక్క) పాలిష్ అన్నారు. చూడ్డానికి దాన్ని మించింది లేదు, ఒప్పుకుంటా. కానీ తేమ రోజున వేస్తే పొగమంచు పట్టినట్టు తెల్లబారుద్ది, ఆరాక కూడా వేడి టీ గ్లాసు పెడితే తెల్ల గుండ్రం మచ్చ. నాన్నగారు గ్లాసు కింద ప్లేటు పెట్టే మనిషి కాదు. ఇంకొకరు అవిసె నూనె అన్నారు, మా తేమకి దాని మీద బూజు వస్తది. చివరికి నూనె రకం పీయూ (పాలీయురేథేన్) వార్నీషు థిన్నర్‌తో సగానికి సగం పల్చన చేసి గుడ్డతో తుడిచా. 120, 180, 220 నంబర్ పేపర్లు పోగు వెంబడే పట్టాక మొదటి పూత, ఆరాక 320తో తేలిగ్గా గీరి మళ్ళీ. టేకు కాళ్ళు ముందు థిన్నర్‌తో తుడవాలి, ఆ నూనె వార్నీషుని కూడా ఆరనివ్వదు.

పలక కింది వైపు కూడా పైన ఎన్ని పూతలో అన్ని పూతలు వేశా. ఎవరూ చూడని వైపుకి ఎందుకని మా ఆవిడ అడిగింది. ఒక వైపు మూసి ఒక వైపు తెరిచి ఉంచితే తేమ ఒక వైపే ఎక్కుద్ది, పలక వంగుద్ది, అంతే విషయం. తుడిచిన గుడ్డలు ముద్దచేసి మూల పడెయ్యకండి, నూనె వార్నీషు ఆరేటప్పుడు వేడి పుడతది, ముద్దలో ఆ వేడి పోయే దారి లేక అంటుకున్న సందర్భాలున్నాయి. తీగ మీద విడదీసి ఆరేశా.

డిసెంబర్

బల్ల వాడకంలో ఉంది. కాళ్ళ అడుగున మాత్రం పూత ఇంకోసారి వేసి నైలాన్ బొత్తాలు కొట్టా, రోజూ ఇల్లు తడిగుడ్డ పెడతారు కాబట్టి కాలి అడుగు నుంచే నీరు పీలుస్తది. పెన్సిల్ గీత చిత్రికలో పోయింది కాబట్టి పలక కింద కొత్తది గీశా, ఇప్పుడు 357 చూపిస్తోంది, రోహిణి కార్తెలో మళ్ళీ చూడాలి. నాన్నగారికి ఇవేం పట్టవు, అడిగితే "ఎత్తు సరిపోయింది, కానీ కింద పేపర్లు పెట్టుకోడానికి ఓ అర ఉంటే బాగుండేది" అన్నారు. టేకు అయిపోయింది, మద్ది రెండడుగుల ముక్క ఒకటి ఉంది, దాన్నేమో అమ్మ కత్తిపీటకి అడిగింది.